టెక్ సందేహాలు: 108 కొడితే ఎవరి ఫోన్ మోగుతోంది?

ప్రశ్న: మాది విజయవాడలో ట్రావెల్స్ ఆఫీసు. పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఎక్స్ఛేంజి) తీసేసి, అదే పని చేసే ఫ్రీపీబీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టించాం. 101 నుంచి 112 దాకా పన్నెండు ఐపీ ఫోన్లు. బయటికి చేయాలంటే మునుపటిలాగే ముందు 9 నొక్కాలి. మర్చిపోయి నేరుగా మొబైల్ నంబరు కొడితే కొన్ని ‘ఈ నంబరు ఉపయోగంలో లేదు’ అంటాయి, కొన్ని అసలు కదలవు. లోపల ఒకరికొకరం చేసుకున్నా నాలుగు సెకన్లు ఆగాల్సి వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మీరు అడిగినదానికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. 101 అగ్నిమాపక దళం, 108 అంబులెన్స్, 112 అత్యవసర సేవ. ఈ మూడూ ఇప్పుడు మీ బల్లల మీది ఫోన్లు. రాత్రి డ్యూటీలో ఎవరికైనా గుండెనొప్పి వచ్చి పక్కవాళ్లు 108 కొడితే, అవతలి గదిలో ఫోన్ మోగుతుంది, అంతే. ఈరోజే ఎక్స్‌టెన్షన్లను (లోపలి ఫోన్ల నంబర్లను) 201–212కు మార్చండి. 100, 101, 108, 112లకు విడిగా ఒక అవుట్‌బౌండ్ రూట్ (బయటికెళ్లే కాల్స్‌కు దారి చూపే రూలు) రాసి, జాబితాలో అన్నిటికన్నా పైన పెట్టండి. ఈ నంబర్లు మీ ట్రంకులో (బయటి ఫోన్ లైనులో) వెళ్తాయో లేదో సర్వీసు ఇచ్చినవాళ్లను అడగండి. పరీక్ష కోసం 108కి చేయకండి. ఫ్రీపీబీఎక్స్‌ను లోపల నడిపించే అస్టెరిస్క్ కన్సోల్‌లో ‘డయల్‌ప్లాన్ షో’ కమాండ్ ఇస్తే, కాల్ వెళ్లకుండానే ఆ నంబరును ఏ రూలు పట్టుకుంటుందో కనిపిస్తుంది.

ఇక మొబైల్ నంబర్ల సంగతి. 98480తో మొదలయ్యే నంబరు కొట్టారనుకోండి. మొదటి 9ని సిస్టమ్ ‘బయటి లైను’ అనుకుని తీసేస్తుంది. మిగిలిన తొమ్మిది అంకెలే ట్రంకుకు వెళ్తాయి కాబట్టి అలాంటి నంబరే లేదంటుంది. 6, 7, 8తో మొదలయ్యేవాటికేమో ముందు 9 లేదు కాబట్టి ఏ రూలూ వర్తించదు. మన మొబైల్ నంబర్లకు ఈ 9 అలవాటు బొత్తిగా పనికిరాదు. తీసేయండి.

దాని బదులు రెండు రూల్స్ చాలు. మొదటిది [6-9], అంటే 6 నుంచి 9లో ఏదో ఒక అంకె, తర్వాత తొమ్మిది ఎక్స్‌లు (ఒక్కో ఎక్స్ ఏదైనా ఒక అంకె). 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా తప్పనిసరి. మీ ట్రంకు ల్యాండ్‌లైన్ నంబరు మీద ఉంటే ‘ప్రీపెండ్’ (నంబరుకు ముందు చేర్చేది) గడిలో 0 వేయండి, స్టాఫ్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రెండోది 0, ఒక జెడ్, తర్వాత తొమ్మిది ఎక్స్‌లు. మన దేశంలో ఎస్టీడీ కోడు, నంబరు కలిపితే పది అంకెలే కాబట్టి 0866 అయినా 040 అయినా ఇందులోనే సరిపోతాయి. ఇక్కడ జెడ్ బదులు ఎక్స్ వేయకండి. జెడ్ అంటే 1 నుంచి 9, ఎక్స్‌లో సున్నా కూడా ఉంటుంది. ఎక్స్ వేస్తే 00తో మొదలయ్యే విదేశీ కాల్స్‌కీ దారి ఇచ్చినట్టే. 139కి, 1800 నంబర్లకు విడిగా రాసుకోండి.

చాలామంది ఈ బాధంతా ఎందుకని ఎక్స్ పక్కన చుక్క పెట్టి వదిలేస్తారు. చుక్క అంటే ‘ఆ తర్వాత ఏదైనా, ఎన్నయినా’. ఫోన్ పాస్‌వర్డ్ ఎవరికైనా చిక్కిందంటే వారాంతం రాత్రి విదేశాలకు కాల్స్ మీద కాల్స్ పోతాయి, బిల్లు మీకొస్తుంది. విదేశీ కాల్స్ అవసరమైతే ఆ రూట్‌కు పిన్ పెట్టండి.

నాలుగు సెకన్ల ఆలస్యం సర్వర్‌ది కాదు, ఫోన్‌ది. ఇంకో అంకె వస్తుందేమోనని అది ఎదురుచూస్తోంది. గ్రాండ్‌స్ట్రీమ్ ఫోన్లలో ఈ గడువు మామూలుగా నాలుగు సెకన్లే. ఫోన్ డయల్‌ప్లాన్‌లో (ఏ నంబర్లు కొట్టొచ్చో చెప్పే రూల్స్‌లో) ‘ఎక్స్ ప్లస్’, అంటే ‘ఎన్ని అంకెలైనా’ అనే రూలు తీసేసి, పైన చెప్పిన రూల్స్‌తో పాటు 201–212, అత్యవసర నంబర్లు కూడా ఆ ఫోన్ పద్ధతిలో అక్కడ రాయండి. 201 కొట్టగానే మోగుతుంది. తొందరైతే చివర # నొక్కినా సరే.

ప్రశ్న: డల్లాస్‌లో మా చిన్న ఆఫీసులో 9 నొక్కి బయటికి చేస్తాం. ఉంచుకోవచ్చా?

జవాబు: ఉంచుకోండి, కానీ 911 మాత్రం నేరుగా వెళ్లాలి. మీ టెక్సాస్‌లోనే మార్షల్ అనే ఊళ్లో 2013లో ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల పాప 911కి నాలుగుసార్లు చేసింది. ముందు 9 నొక్కాలని ఆ పసిదానికి ఎలా తెలుస్తుంది? ఒక్క కాల్ కూడా వెళ్లలేదు. ఆ తల్లి ప్రాణాలు దక్కలేదు. ఆమె పేరు మీదే ‘కారీస్ లా’ వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత పెట్టిన ఆఫీసు ఫోన్ సిస్టమ్‌లన్నిటిలో 911 నేరుగా వెళ్లాల్సిందే. 911, 9911 రెండింటికీ రూల్స్ రాయండి. ఆఫీసు మారినప్పుడు ఫోన్ సర్వీసువాళ్ల దగ్గర చిరునామా కూడా మార్పించండి, లేకపోతే అంబులెన్స్ పాత బిల్డింగ్‌కు వెళ్తుంది.