క్రియాటినిన్ 0.9 ఉన్నా ఎం.ఆర్.ఐ. ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారు కిడ్నీల్లో నీటితిత్తుల జబ్బుతో ఆరేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు. నాకు 33 ఏళ్లు. నాకూ అదే ఉందని తేలింది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 0.9, అంటే మామూలుగానే ఉంది. అయినా డాక్టరుగారు ఎం.ఆర్.ఐ. తీసి కిడ్నీల పరిమాణం కొలిపిద్దాం అంటున్నారు. కిందటేడు ఒకచోట అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ పొడవు 14 సెంటీమీటర్లు అన్నారు, మొన్న ఇంకోచోట 15.5 అన్నారు. ఏడాదిలో అంత పెరిగిందా? భయంగా ఉంది.
– ఒక సోదరి, భీమవరం

జవాబు: అమ్మా, ముందు ఆ 14, 15.5ల సంగతి. వాటిని చూసి నిద్ర పాడుచేసుకోకండి. కొలిచిన మనుషులు వేరు, మిషన్లు వేరు, పొట్ట మీద ఆనించే ప్రోబ్ పెట్టిన కోణం వేరు. తిత్తులతో బాగా ఉబ్బిన కిడ్నీ ఒక్కోసారి ఆ తెరలో పట్టను కూడా పట్టదు. ఆ ఒకటిన్నరలో పెరిగింది ఎంతో, కొలతలో తప్పు ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు.

నేను డాక్టర్ని కాను. ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్‌గా మొదలై, తరవాత తొమ్మిదేళ్లు కిడ్నీ పరిశోధనల కోసం రకరకాల ఊళ్ల నుంచి వచ్చే స్కాన్లను సరిచూసే పని చేశాను. మాకు ఒజ్జబంతి ఈ నీటితిత్తుల జబ్బు మీదే అమెరికాలో 2001లో మొదలైన క్రిస్ప్ అధ్యయనం. మాయో క్లినిక్, ఎమొరీ, కాన్సాస్, అలబామా – ఈ నాలుగు చోట్ల 15 నుంచి 45 ఏళ్ల వయసున్న 241 మందిని తీసుకున్నారు. మీలాగే వాళ్ల కిడ్నీలూ అప్పటికి బాగానే పనిచేస్తున్నాయి. బొమ్మలన్నీ సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చేరేవి. కొలత అక్కడే. తరవాత ఆ బాధ్యత పిట్స్‌బర్గ్‌కు మారింది. నన్ను కట్టిపడేసింది మాత్రం వాళ్లు తొలినాళ్లలో చేసిన ఒక పని. నలుగురు రోగులు మూడు నెలలు నిండకముందే ఆ నాలుగు ఊళ్లూ తిరిగి, ప్రతిచోటా అదే స్కాన్ తీయించుకున్నారు. ఎక్కడ తీసినా ఒకే కిడ్నీకి ఒకే లెక్క వస్తోందా లేదా అని చూడటానికి!

అంత పట్టుదల ఎందుకంటే, ఈ కిడ్నీలు పరిమాణంలో ఏడాదికి పెరిగేది సగటున 5.27 శాతమే. 2006లో వాళ్లు వెల్లడించిన లెక్క అది. కొలతలోనే పది శాతం తేడా ఉంటే ఈ ఐదూ అందులో కొట్టుకుపోతుంది.

ఒకసారి మాకొచ్చిన స్కాన్‌లో ఎడమ కిడ్నీ కింది కొస రెండు వేళ్ల మేర తెగిపోయింది. మామూలు కిడ్నీకి సరిపోయేంత మేరే తీశారు. ఆవిడేమో ఐదు గంటలు బస్సులో వచ్చి తీయించుకుని వెళ్లింది. మళ్లీ రమ్మని ఫోన్ చేయాల్సింది నేనే. "మా పిల్లలకు పనికొస్తుందంటే వస్తానండీ" అంది. ఆ రోజు నుంచి, రోగి బల్ల దిగకముందే పై కొస, కింది కొస రెండూ పడ్డాయో లేదో చూడమని ప్రతి సెంటరుకూ చెప్పేదాన్ని.

ఇక క్రియాటినిన్. పాడైన భాగం పని కూడా మిగిలిన భాగమే నెత్తికెత్తుకుని ఏళ్లతరబడి లాక్కొస్తుంది. అందుకే రక్తపరీక్షలో జబ్బు బయటపడదు. పరిమాణం ముందే చెబుతుంది. మామూలు మనిషికి రెండు కిడ్నీలూ కలిపి సుమారు 300 నుంచి 400 మిల్లీలీటర్లు ఉంటాయి. క్రిస్ప్‌లో 1500 దాటినవాళ్లకు అధ్యయనం మొదటి మూడేళ్లలోనే కిడ్నీల వడపోత స్పష్టంగా తగ్గింది. పరిమాణానికి మీ ఎత్తు, వయసు జోడిస్తే మీ జబ్బు నెమ్మదిగా నడిచేదో, తొందరపడేదో డాక్టరుగారికి ఒక అంచనా వస్తుంది. ఏ మందు అవసరమో, అసలు అవసరమో కాదో తేల్చడానికి అది కావాలి.

కాబట్టి తీయించుకోండి. బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఈ కొలతకు అక్కర్లేదు. ముందు రెండు రోజులు ఇంట్లో 20 సెకన్లు ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకోండి. ఊపిరి కదిలితే కిడ్నీ కూడా కదులుతుంది. రిపోర్టులో పొడవొక్కటే కాదు, రెండు కిడ్నీల మొత్తం పరిమాణం మిల్లీలీటర్లలో రాయమనండి. బొమ్మలున్న సీడీ అడిగి తెచ్చుకుని నాన్నగారి కాగితాలతో పాటు దాచండి. మళ్లీ ఎప్పుడైనా తీయించాల్సి వస్తే అదే సెంటరుకు, అదే మిషన్‌కు వెళ్లండి. ఈలోగా బీపీ ఇంట్లోనే చూసుకుని ఒక పుస్తకంలో రాస్తూ ఉండండి. డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు సీడీతో పాటు ఆ పుస్తకం కూడా పట్టుకెళ్లండి.