తిరుపతి మిద్దె మీద కరివేపాకు ఎందుకు పాలిపోతుంది?

పుదీనా, కొత్తిమీర, కరివేపాకు ఎవరు పెట్టినా వస్తాయని అందరూ అంటుంటే, తిరుపతిలోని మీ మిద్దె మీద మూడూ ఏడాది తిరక్కుండానే పోయాయని, ఇది మీ చేతి దోషమేనా అని అడిగారు. కాదనే నా అభిప్రాయం. నేనూ ఇదే ఊళ్లో, రెండో అంతస్తు పైన తొమ్మిదేళ్లుగా కుండీలలో మొక్కలు పెంచుతున్నాను. మొదటి మూడేళ్లలో మీకంటే ఎక్కువే పోగొట్టుకున్నాను.

నన్ను ఎక్కువ కాలం తికమకపెట్టినది కరివేపాకు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క నాలుగు నెలలు నిగనిగలాడింది. ఆ తరువాత వేసిన ప్రతి కొత్త రెమ్మా నిమ్మపండు రంగులో ఉండి, ఈనెలు మాత్రం పచ్చటి గీతల్లా మిగిలేవి. బలం చాలలేదనుకుని పశువుల ఎరువు వేశాను, వర్మీకంపోస్టు వేశాను, ఒకసారి చిటికెడు యూరియా కూడా వేశాను, ఫలితం లేదు. నత్రజని తక్కువైతే ముదురాకులు ముందు పసుపెక్కుతాయనీ, లేతాకులు పాలిపోయి ఈనెలు పచ్చగా ఉంటే అది సాధారణంగా ఇనుప ధాతు లోపమనీ నాకు అప్పటికి తెలియదు.

అలాగని మట్టిలో ఇనుము లేదని కాదు. మన ఎర్రమట్టికి ఆ రంగు వచ్చిందే ఇనుము వల్ల. దోషం నీళ్లది. మా బోరు నీటిలో సున్నపు లవణాలు, బైకార్బొనేట్లు ఎక్కువ. రోజూ అవే పోస్తుంటే కుండీలోని కొద్దిపాటి మట్టి క్షారగుణానికి తిరిగి, ఉన్న ఇనుము కూడా వేరుకు అందకుండా పోతుంది. కుండీ అంచున పేరుకున్న తెల్లటి పొర మీద రెండు చుక్కల నిమ్మరసం వేసి చూశాను. బుసబుసమని నురగ పొంగింది. పైగా నీళ్లు వృథా కాకూడదని ఆర్వో ఫిల్టరు వదిలేసే నీటిని కూడా ఆ మొక్కకే పోస్తూ వచ్చాను. మన తాగునీటిలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోనే కనుక, నేను మొక్కకు చేసిన ఉపకారం ఎలాంటిదో మీరే ఊహించుకోవచ్చు.

దీనికి మందు, వేరుశనగ చేలు తెల్లబడినప్పుడు మన రైతులు వాడేదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, నిలవ ఉంచకుండా, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. వారం ఎడంతో రెండు మూడు సార్లు చాలు. అన్నభేది లేతాకుపచ్చగా ఉండాలి, గోధుమ రంగుకు తిరిగినది కొనవద్దు. (గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, మా ఇంటి ఓనరుకు ఆ సంగతి ఇంకా తెలియదు.) రెండో పిచికారీ తరువాత వేసిన చిగురు పచ్చగా వచ్చింది. పుల్లమజ్జిగ పోయమని పెద్దలు చెప్పేది అర్థం లేని మాట కాదు గానీ, వారానికొక గ్లాసు మజ్జిగ రోజూ పోసే బకెట్టెడు బోరు నీటికి ఎదురు నిలవలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే వాననీటిని ఒక డ్రమ్ములో పట్టుకోగలిగితే అంతకంటే మేలైనది లేదు.

పుదీనాను చంపింది పడమటి ఎండ. పిట్టగోడ పక్కన పెట్టిన నల్లటి గ్రో బ్యాగు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాగేది. నీళ్ల ట్యాంకు కింద, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చాక అది రోహిణి కార్తెను కూడా దాటింది. కొత్తిమీరది కాలం సమస్య; వేసవిలో చల్లితే మొలక సరిగా రాదు, వచ్చినా నాలుగాకులు వేయకముందే పూతకు వస్తుంది. దీపావళి తరువాత, ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి, జోరువాన నేరుగా పడని చోట చల్లండి.

నిర్లక్ష్యం చేసినా బతుకుతుందనే కలబంద సైతం 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు నా దగ్గర కుళ్లిపోయింది. కుండీలో నింపినది నీరు దిగని చెరువు మట్టి కావడమే కారణం. ఇసుక కలిపిన ఎర్రమట్టిలో ఉన్న దాని పిలక మాత్రం దక్కింది.

మీ కరివేపాకు మొక్కను ఇంకా పీకేయకపోతే, కాండాన్ని గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే, ఎండిన కొమ్మలను తీసేసి, పై మట్టిని రెండంగుళాల మేర మార్చి, కొత్త చిగురు వచ్చాకే అన్నభేది కొట్టండి.