సెలవు వస్తే నాన్నతో ప్రయాణం... నాకెందుకింత విసుగు?

ప్రశ్న: నాకు 16 ఏళ్లు. సెలవు వస్తే చాలు, నాన్న తెల్లవారకముందే అందరినీ లేపి ఎక్కడికో బయల్దేరదీస్తారు. మ్యూజియం, కోట, జూ, పార్కు... అన్నీ ఒక్కరోజులోనే చూసేయాలంటారు. సాయంత్రానికి నాకు ఓపిక ఉండదు. హోమ్‌వర్క్ మిగిలిపోతుంది, మర్నాడు క్లాసులో నిద్రొస్తుంది. తమ్ముడికి మాత్రం ఇవంటే ప్రాణం. పోయినసారి బయల్దేరే ముందు రానని చెప్పాను. ‘ఇదంతా ఎవరికోసం చేస్తున్నా?’ అని నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాది స్వార్థమా?

జవాబు: స్వార్థం కాదు తల్లీ. నువ్వు నిజంగానే అలసిపోతున్నావు. 1916లోనే బోస్టన్ మ్యూజియంలో పనిచేసే బెంజమిన్ గిల్మన్ ‘మ్యూజియం అలసట’ గురించి వ్యాసం రాశారు. అద్దాల పెట్టెల్లో ఉన్నవి చూడ్డానికి మనిషి ఎంత వంగాలో, మెడ ఎలా తిప్పాలో ఫొటోలు తీయించి మరీ చూపించారు. కాళ్ల నొప్పులు ఒక్కటే కాదు, వరసగా చూస్తూపోతే మనసు కూడా మొద్దుబారుతుంది. మొదట్లో ప్రతిదాని దగ్గరా ఆగేవాళ్లు కాసేపటికి నడుచుకుంటూ వెళ్లిపోతారు. అలాంటివి నాలుగు ఒకే రోజున పెట్టుకుంటే చివరిది చూసేటప్పటికి ఇల్లు గుర్తురావడంలో వింతేముంది?

దానికి నిద్ర తోడు. నీ వయసులో రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఒంట్లో కాస్త పొద్దుపోయాక విడుదలవడం దీనికి ఒక కారణం. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. తెల్లవారకముందే లేస్తే అది ఎక్కడ కుదురుతుంది? తమ్ముడు చిన్నవాడైతే వాడికి పెందలాడే నిద్రపడుతుంది, అందుకే వాడికి హుషారు.

ఇక నాన్న సంగతి. ఆయనకు దొరికేవి కొన్ని సెలవులే కదా. నువ్వు పెద్దదానివవుతున్నావు, నాలుగేళ్లు పోతే ఇలా నలుగురూ కలిసి వెళ్లడం కుదరకపోవచ్చని ఆయనకూ లోపల ఉండి ఉంటుంది. అందుకే ఒక్కరోజులో అన్నీ చూపించాలన్న తొందర. నువ్వు ‘రాను’ అన్నది అలసటతోనే. ఆయనకది ‘మీతో రావడం ఇష్టం లేదు’ అని వినపడింది. అదీ అందరూ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాక! ఆ రెండు రోజులు మాట్లాడకపోవడం మాత్రం సరికాదు, పెద్దవాళ్లు అలా చేస్తే పిల్లల మనసు ఎంత నలుగుతుందో నాకు తెలుసు.

వారం మధ్యలో, ఆయన స్థిమితంగా ఉన్నప్పుడు ఇలా చెప్పి చూడు: ‘నాన్నా, మీతో రావడం నాకిష్టమే. కానీ నాలుగు చోట్లకీ తిరిగితే ఒక్కటీ గుర్తుండట్లేదు. ఈసారి ఒక్కచోటికే వెళ్లి ఎక్కువసేపు ఉందాం. ఎక్కడికో నేను చూసి చెప్తాను.’ చెప్పి ఊరుకోకు. అది ఎప్పుడు తెరుస్తారు, ఏ రోజు మూసి ఉంటుంది, ఎంతసేపు ప్రయాణం, మధ్యలో కూర్చోవడానికి చోటుందా, ఇవన్నీ నువ్వే కనుక్కో. చీకటి పడకముందే ఇంటికి చేరేలా ప్లాన్ వెయ్యి. తరవాతి ప్రయాణం తమ్ముడి ఇష్టానికి వదిలెయ్యి. నీ ప్లానులో వెళ్లినరోజు ఫోన్ చూస్తూ ఓ మూల కూర్చుంటే నాన్న ఇంకోసారి నీ మాట వినరు.

హోమ్‌వర్క్ బయల్దేరే ముందురోజే ముగించు. పరీక్షలు దగ్గరపడితే ‘ఈ ఒక్కసారి రాలేను’ అని వారం ముందే చెప్పు. ఇంట్లో ఉన్నరోజు నిజంగా చదువుకో.

నీ ఉత్తరంలో అమ్మ మాటే లేదు. ఆ ప్రయాణాల రోజున అందరికంటే ముందు లేచేది ఎవరు? తిరిగొచ్చాక సంచులన్నీ సర్దేది ఎవరు? నాన్నతో మాట్లాడే ముందు అమ్మను అడుగు, ఈ తిరుగుళ్లు తనకెలా ఉన్నాయో. తనూ నీలాగే అలసిపోతూ ఉండొచ్చు. అప్పుడు ఇద్దరూ కలిసే నాన్నతో మాట్లాడండి.