మేకతోలు పట్టీ చూసి హెచ్ఆర్‌కి చెప్పేరు, జాగ్రత్త

మొన్న ఇక్కడ సౌత్ ఆఫ్రికాలో జోహనెస్‌బర్గ్‌కి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఫోన్ చేసి, అన్నా మా టీమ్‌లో జులూ తెగ ఆయన చేతికి బొచ్చున్న మేకతోలు కట్టుకొచ్చాడు, వాసన కూడా వస్తోంది, హెచ్ఆర్‌కి చెప్పొచ్చా అన్నాడు. వద్దు నాయనా అన్నా. దాన్ని ఇసిఫాండ్లా అంటారు, ఇంట్లో పెద్దల పేరున మేకని కోశాక ఆ తోలునే సన్నగా కోసి మణికట్టుకి వేస్తారు, అంత తొందరగా తీయరు. వ్రతం తోరం కట్టుకుని మనం ఆఫీసుకి పోమా?

పెద్దలంటే చనిపోయినవాళ్ళే, అమాడ్లోజి అంటారు. తద్దినాలు పెట్టే మనకి ఇది వెంటనే అర్థం కావాలి, కానీ మనవాళ్ళే మూఢనమ్మకం అని నవ్వుతారు, మొదటి ఏడాది నేనూ నవ్వినవాణ్ణే. అలాగే ఇక్కడి చాలా తెగలవాళ్ళకి ఇంటిపేరు కాక వంశం పేరు ఒకటుంటుంది, మండేలాని మదీబా అనేది అదే, ఒకే వంశం పేరైతే సగోత్రం లెక్క, పెళ్ళి కుదరదు.

పెళ్ళంటే లోబోలా. మన కట్నానికి తిరగేసిన లెక్క, ఇక్కడ అబ్బాయి వైపు వాళ్ళు ఇస్తారు. లెక్క ఆవుల్లోనే కడతారు, సిటీలో మాత్రం డబ్బు బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌లో పోతుంది, అయినా బేరం మాట్లాడేది పెద్దవాళ్ళే, పెళ్ళికొడుకు నోరెత్తకూడదు. ఇలా జరిగిన పెళ్ళికి చట్టం కూడా ఉంది, 1998లో చేశారు, 2000 నవంబర్ నుంచి అమల్లో ఉంది.

మీలో మేనేజర్లుగా వచ్చినవాళ్ళు ఇది బాగా వినండి. ఒక హోటల్ కిచెన్‌లో పనిచేసే ఆవిడ, పెద్దలు పిలుస్తున్నారు, సంగోమా అంటే సంప్రదాయ వైద్యురాలిగా ట్రైనింగ్‌కి పోవాలి, జీతం లేకుండా ఐదు వారాలు సెలవివ్వండి అంది. వారమే ఇస్తామన్నారు, ఆవిడ సంగోమా ఇచ్చిన చీటీ పెట్టి వెళ్ళిపోయింది, ఉద్యోగం తీసేశారు. కేసు కోర్టులన్నీ తిరిగి 2013లో సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ దాకా పోయింది, అక్కడ కూడా ఆవిడే గెలిచింది. సంప్రదాయ వైద్యుల కోసం 2007లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. కాబట్టి అలాంటి చీటీ వస్తే జోకులెయ్యకుండా ముందు లేబర్ లాయర్‌ని అడగండి.

స్టాక్‌వెల్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మన చిట్టీయే, కాకపోతే చాలా చోట్ల పాట ఉండదు, వంతులవారీగా తీసుకుంటారు, డిసెంబర్లో సరుకుల కోసమే కొన్ని నడుస్తాయి, ఇప్పుడు లెక్కలన్నీ వాట్సాప్‌లోనే.

ఆ కుర్రాణ్ణి తర్వాత ఆ జులూ ఆయన ఇంట్లో ఫంక్షన్‌కి పిలిచాడంట, మళ్ళీ నాకే ఫోన్. వెళ్ళు, ముసలావిడ కనపడితే గోగో, అంటే అమ్మమ్మా అని పలకరించు, కుండలో ఉమ్‌కొంబొతి అని జొన్నా మొక్కజొన్నా కలిపి కాచిన బీరు చేతులు మారుతూ నీదాకా వస్తే తాగకపోయినా మొహం చిట్లించకు, మాంసం తిననని ముందే చెప్పెయ్, పాప్ అనే మొక్కజొన్న పిండి ముద్ద, చకలకా పెడతారు అన్నా. చకలకా మన కూరలాగే కారంగా ఉంటుందిలే.