బుజ్జీ, ఆ ట్యూన్ సంగతి ఒక్కసారి ఆలోచించు

బుజ్జీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాద్ ఉద్యోగం మానేసి బెజవాడ సూర్యారావుపేటలో స్టడీ హాల్ పెడుతున్నావట, ఇరవై నాలుగు డెస్క్‌టాప్‌లు కూడా మాట్లాడేశావట. పాతికేళ్లు బ్రాడీపేటలో కంప్యూటర్లు బాగుచేసి బతికిన మేనమామ ఒకడు గుంటూరులో ఉన్నాడని గుర్తు రాలేదా నీకు? కోపంగానే పడుకున్నాను, కానీ నిద్ర పట్టలేదు, పొద్దున టిఫిన్ దగ్గర మీ అత్తయ్యకి నాలుగుసార్లు చెప్పాను, మా బుజ్జి సొంతంగా హాల్ పెడుతోంది అని. ఐదోసారి మొదలెడితే ఆపమంది.

కుర్చీలు, ఏసీ, వైఫై నాకంటే నీకే బాగా తెలుసు. ఎర్తింగ్ మాత్రం మంచి ఎలక్ట్రీషియన్‌తో చూపించు. యూపీఎస్ బ్యాటరీలు పాతవి కొనకు.

నన్ను పట్టుకున్నది వేరే మాట. ప్రతి కంప్యూటరూ ఆన్ అవగానే మీ హాల్ ట్యూన్ మోగాలట, పిల్లలెవరూ దాన్ని తీసేయకుండా లాక్ చేయిస్తావట. బ్రాండింగ్ అంట. అక్క మురిసిపోతూ చెప్పింది. నేను మాత్రం "ఊఁ" అని ఊరుకున్నాను.

ముందు పని సంగతి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి నీకిష్టమైన వేవ్ ఫైలు పెట్టేస్తే అయిపోయేది. దాని తర్వాత వచ్చిన విండోస్ విస్టా నుంచి ఆ స్టార్టప్ మోతని ఇమేజ్‌రెస్ అనే డీఎల్ఎల్ ఫైలు లోపల దాచారు. మార్చాలంటే సిస్టమ్ ఫైల్లో చెయ్యి పెట్టాలి, మళ్లీ ఏదో ఒక అప్‌డేట్ వచ్చి నీ పనంతా తుడిచేస్తుంది. అసలు మైక్రోసాఫ్ట్ వాళ్లకే 2006లో నీ బుద్ధి పుట్టింది తెలుసా? విస్టా మోతని ఎవరూ తీసేయలేకుండా పెడదామనుకున్నారు. రాబర్ట్ ఫ్రిప్ అనే గిటారిస్టుని పిలిచి గంటలకొద్దీ రికార్డు చేయించుకుని, అంతా అయ్యాక మిగిల్చింది నాలుగు సెకన్ల ముక్క. అంత కష్టపడ్డాం కదా, అందరూ వినాల్సిందే అనిపించి ఉంటుంది. జనం గోల పెట్టారు, చివరికి విడుదలయ్యే నాటికి ఒక టిక్కు బాక్సు పెట్టక తప్పలేదు. ఆపిల్ వాళ్లయితే 2016లో కొత్త మ్యాక్‌బుక్ ప్రోల నుంచి ఆ మోతనే తీసేసి, 2020లో మళ్లీ తెచ్చి, వద్దనుకునేవాళ్లు తీసేసుకోండని సెట్టింగ్ ఇచ్చారు. అంత పెద్దవాళ్లే దిగొచ్చారు, నువ్వెంత.

సరే, ఇప్పుడు నేను చేసిన వెధవ పని చెబుతాను. అక్కకి కూడా పూర్తిగా తెలియదు.

2004 వేసవి, రోహిణీ కార్తె. కొత్తపేటలో ఒక నర్సింగ్ హోమ్ వాళ్లకి రిసెప్షన్‌లో కంప్యూటర్ పెట్టాను. పొద్దున్నే ఆన్ చేయగానే శుభంగా మోగేలా ఏదైనా పెట్టమన్నారు వాళ్లు. నాకు హుషారు వచ్చేసి గుడిగంట, దాని వెనకాలే నాదస్వరం, డోలు, అన్నీ కలిపి పన్నెండు సెకన్ల ముక్క కోసి పెట్టాను. బాగుందన్నారు. నాలుగు రోజులకి డ్యూటీలో ఉన్న కుర్రాళ్లు దాన్ని తీసేసి సినిమా డైలాగులు పెట్టారు. నా పని మీద ఇంకొకళ్లు చెయ్యి పెట్టారని నాకు మండింది. సౌండ్స్ పేజీ తెరుచుకోకుండా చేశాను, గడియారం పక్కన ఉండే స్పీకర్ బొమ్మ దాచేశాను, సీపీయూనీ స్పీకర్లనీ ప్లగ్గులతో సహా కౌంటర్ కింద బీరువాలో పెట్టించి తాళం వేశాను. రిసెప్షన్ అమ్మాయి పాస్‌వర్డ్ మర్చిపోతోందని ఆటో లాగిన్ ఒకటి. కరెంటు పోయి రాగానే తనంతట తానే ఆన్ అయ్యేలా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే లేచే సెట్టింగ్స్‌లో, ఒకటి. ఎంత తెలివైనవాడినో అనుకున్నాను.

ఒక రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. మూడింటికి కరెంటు వచ్చింది. కంప్యూటర్ లేచింది, లాగిన్ అయింది, వరండా అంతా నాదస్వరం.

మొదటి గదిలో ఒక పెద్దాయన అప్పటికి గంట క్రితమే పోయాడు. తెల్లవారాక ఊరికి తీసుకెళ్దామని ఇంటివాళ్లు బల్ల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల నెత్తిన మంగళవాయిద్యం.

పన్నెండు సెకన్లే కదా అనుకుంటావు. ఆ రాత్రి కరెంటు నాలుగుసార్లు పోయి నాలుగుసార్లు వచ్చింది. ఆయా బీరువా తలుపు పట్టుకుని లాగుతోందట, తాళంచెవి మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది. నాలుగోసారి వాచ్‌మన్ మెయిన్ ఆపేస్తే వార్డంతా చీకటైంది. నాకు ఫోన్ వస్తే స్కూటర్ మీద శంకర్ విలాస్ బ్రిడ్జి దాటి వెళ్లాను, లుంగీ మీదే. టార్చి వెలుగులో తాళం తీస్తుంటే చెయ్యి వణికి రెండుసార్లు కింద పడేశాను. ఆ పెద్దాయన కొడుకు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కొడతాడనే అనుకున్నాను. "ఆపడానికి ఒక బటన్ అయినా ఉంచకూడదా అండీ" అన్నాడు, అంతే, చాలా మెల్లగా. కొట్టినా బాగుండేది బుజ్జీ.

ఇప్పటికీ కరెంటు పోయి వస్తే ముందు చెవులు రిక్కిస్తాను. మీ అత్తయ్య నవ్వుతుంది.

అందుకని నా మాట విను. పిల్లలు రాత్రి పన్నెండింటి దాకా చదువుకుంటారు, రేపు ఏప్రిల్లో కరెంటు పోయి వస్తే ఇరవై నాలుగూ కలిసి మోగుతాయి. బయోస్‌లో కరెంటు వచ్చాక దానంతట అది ఆన్ అయ్యే సెట్టింగ్ ఆపెయ్. ఇది మొదటి రోజే చెయ్, మిగతావి తర్వాత. విండోస్ 11లో సెట్టింగ్స్, పర్సనలైజేషన్, థీమ్స్, సౌండ్స్ అని వెళ్తే స్టార్టప్ సౌండ్ టిక్కు ఉంటుంది, కొత్త మెషీన్లలో అది వేసే వస్తుంది. ఆ టిక్కు మెషీన్ మొత్తానికి ఒకటే, మోత కూడా లాగిన్‌కి ముందే వస్తుంది, అంటే కుర్రాడు కూర్చుని తగ్గించుకునేలోపే అయిపోతుంది. అందుకే నువ్వే తీసి ఉంచు. స్పీకర్లు అసలు కొనకు, ఎవరి హెడ్‌ఫోన్ వాళ్లది. మానిటర్‌లో స్పీకర్లున్నాయేమో చూసుకో, హెచ్‌డీఎంఐ వైరు పెడితే మోత అందులోంచి వచ్చి పరువు తీస్తుంది. మదర్‌బోర్డు చిన్నగా "టిక్" మనే బీప్ మాత్రం ఉండనీ, మెషీన్‌కి జబ్బు చేస్తే మనకి చెప్పేది అదే.

అలాగని అన్నిటికీ గ్రూప్ పాలసీ, అంటే కూర్చున్నవాళ్లు మార్చలేని సెట్టింగ్, పెట్టి నోరు నొక్కెయ్యకు, అదీ తాళమే. నా షాపుకి చూపులేని కుర్రాడొకడు వచ్చేవాడు, డిగ్రీ చదువుతూ. తెర వాడికి కనపడదు కదా, ఆ మోత వింటేనే మెషీన్ లేచిందని తెలిసేది, వినపడగానే మొహం కాస్త ముందుకి వంచేవాడు, ఎవరో పలకరించినట్టు. తలుపు దగ్గర మొదటి బల్ల మీద మెషీన్‌కి ఆ టిక్కు ఉంచు. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ వేసి పెట్టు, ఉచితమే, తెలుగు కూడా చదువుతుంది, లాగిన్ తెర దగ్గర కూడా మాట్లాడేలా అందులోనే సెట్టింగ్ ఉంది. అలాంటి పిల్ల ఒక్కతి వచ్చినా చాలు.

నీ ట్యూన్ బాగానే ఉంటుందిలే, నీకు చిన్నప్పటి నుంచీ చెవి ఉంది. దాన్ని నీ ఫోన్‌కి రింగ్‌టోన్‌గా పెట్టుకో, నేను రోజూ చేస్తాను.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా, మీ అత్తయ్య గోంగూర పచ్చడి కట్టిస్తానంది. వడ్రంగి సీపీయూలకి తలుపులూ తాళాలూ చేస్తున్నాడని అక్క అంది. నేను వచ్చేదాకా పని ఆపమని చెప్పు.

మీ మావయ్య