పబ్జీలో 5.56 తెలుసు సరే, అమెరికాలో నిజంగా ఏ తూటా కొనాలి?

సంక్రాంతికి పలాస వచ్చి మూడ్రోజులు కాలేదు, మా ఇంటి అరుగు మీద ఎన్నారై సందేహాల కొట్టు తెరిచేశారు. ఎప్పుడూ అయితే కారు లోను, క్రెడిట్ స్కోరు, అద్దిల్లు, ఇవే అడుగుతారు. ఈసారి పక్కవీధి అల్లుడుగారు, ఆయనకి పోయినేడు గ్రీన్ కార్డ్ వచ్చింది, మెల్లగా పక్కకి పిలిచి "అన్నయ్యా, తేలికపాటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటి కొందామనుకుంటున్నా, ఏ కాలిబర్ తీసుకోమంటావు, తూటాలేవి కొనాలి" అన్నారు. మెల్లగా అన్నా లాభం లేకపోయింది, మా మేనల్లుడు వినేశాడు. వాడు ఆగస్టులో ఎం.ఎస్.కి డాలస్ వెళ్తున్నాడు. "7.62 తీసుకోమను మావయ్యా, 5.56 కంటే డ్యామేజ్ ఎక్కువ" అన్నాడు. నులకమంచం మీదున్న మా చిన్నాన్న, ఆర్మీలో హవల్దార్ చేసి వచ్చినోడు, లేచి కూర్చుని "ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ ముందు అన్నీ దిగదుడుపేరా" అన్నాడు. ఇంకేటి, మధ్యాహ్నం నిద్ర పోయింది. ఆ వేళ చెప్పిందే ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తన్నాను, కొత్తగా వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని.

ముందు మేనల్లుడి సంగతి. ఎఫ్1, హెచ్1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడమొక్కటే కాదు, చేతిలోకి తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది, అంటే వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజికెళ్ళి అద్దె తుపాకీ పేల్చి ఇన్‌స్టాలో ఫొటో పెడతారు చూడండి, అది కూడా. రేంజి కౌంటర్లో కుర్రాడు పాస్‌పోర్ట్ చూసి ఏమీ అనలేదంటే అది మీకు పర్మిషన్ ఇచ్చినట్టు కాదు. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ గడువు దాటకుండా మీ పేరున ఉంటే మినహాయింపు ఉంది, అదీ ముఖ్యమైన మినహాయింపు, కానీ దాన్ని నమ్ముకుని దిగేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి అడగండి. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు, మీ డిగ్రీ ఎన్ని సెమిస్టర్లు అయిందో ఎవరూ అడగరు. గ్రీన్ కార్డ్ ఉన్నోళ్ళకి ఈ అడ్డు లేదు, షాపులో 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి, అంతే. రైఫిల్‌కి 18 ఏళ్ళు ఫెడరల్ లెక్క, కొన్ని రాష్ట్రాల్లో 21. న్యూయార్క్‌లో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి పర్మిట్ కావాలి, ఇల్లినాయ్‌లో ముందు ఫాయిడ్ అనే తుపాకీ ఓనర్ గుర్తింపు కార్డ్ తీసుకోవాలి, కాలిఫోర్నియాలో 2019లో తూటాలు కొనడానికి కూడా చెక్ పెట్టారు. మీ రాష్ట్రం సంగతి మీరు చూసుకోండి.

ఇప్పుడు 7.62 కథ. పబ్జీలో ఒకటే 7.62 పెట్టె, అది ఏకేఎమ్‌కి, ఎస్‌కేఎస్‌కి, కార్98కి అన్నిటికీ పడిపోద్ది. నిజంలో అలా ఉండదు. ఏకేఎమ్, ఎస్‌కేఎస్ తినేది 7.62×39, మా చిన్నాన్న మోసిన ఎస్‌ఎల్‌ఆర్‌ది 7.62×51, కార్98ది అసలు 7.92×57. మొదటి అంకె గుండు లావు, అదే కాలిబర్, రెండోది గుండు వెనక మందు ఉండే పెంకు పొడవు, రెండూ మిల్లీమీటర్లే. లావు ఒకటే అయినా పెంకు వేరైతే ఆ తూటా ఆ తుపాకీది కాదు. అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది, బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో చదవండి, తూటా పెట్టె మీద అచ్చం అదే ఉండాలి. షాపువాడు "ఇదీ పడుద్ది" అన్నా సరే, చదివాకే కొనండి.

పెట్టె మీద ఇంకో మాట ఉంటది, గ్రెయిన్. మేనల్లుడు అది మందు బరువు అనుకున్నాడు, చాలామంది అలాగే అనుకుంటారు, కానీ అది ముందుండే గుండు బరువు. 7,000 గ్రెయిన్‌లు ఒక పౌను. ఇది వినగానే అల్లుడుగారి మొహం వెలిగింది, ఎందుకంటే ఆయన మామగారిది జీడిపప్పు ఫ్యాక్టరీ, మా పలాసలో జీడిపప్పు గ్రేడు పౌను లెక్కనే కదా కడతారు. డబ్ల్యూ180 అంటే పౌనుకి 180 పప్పులు, అంటే ఒక్కో పప్పు సుమారు 39 గ్రెయిన్‌లు. మామూలు .22 (ఈ అంకె అంగుళాల్లో) గుండు 40 గ్రెయిన్‌లు. లోపల్నుంచి పళ్ళెంలో పప్పు తెప్పించి ఒక పెద్ద విరగని పప్పు మేనల్లుడి అరచేతిలో పెట్టి "ఇదీ .22 బరువు" అన్నాను. దానికి సగం పప్పు కలిపితే .223లో బాగా దొరికే 55 గ్రెయిన్ గుండు దగ్గరకొచ్చింది. ఏకేఎమ్ గుండు 123 గ్రెయిన్, మూడు పప్పులు. చిన్నాన్న ఆ మూడూ నోట్లో వేసుకున్నాడు. బరువు ఇంతే తేడా, కానీ వేగం చూడండి, .22 సెకనుకి సుమారు 1,200 అడుగులు పోతే 55 గ్రెయిన్ .223 పొడుగు బ్యారెల్ నుంచి 3,200 దగ్గర పోద్ది, ఏకేఎమ్‌ది 2,350 చిల్లర. దెబ్బ అనేది బరువు ఒక్కటే కాదు.

అల్లుడుగారికి నేను చెప్పింది .22 లాంగ్ రైఫిల్‌తో మొదలెట్టమని. ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని మనోళ్ళు పేల్చేది కూడా .22నే. 1887 నుంచి ఉన్న తూటా ఇది. రూగర్ 10/22 అని 1964 నుంచి వస్తన్న సెమీ ఆటో ఉంది, ఐదు పౌన్లు బరువు, పది తూటాల మ్యాగజైన్, ఆడాళ్ళూ మగాళ్ళూ ఎవరైనా పట్టుకోవచ్చు, భుజానికి తన్ను దాదాపు తెలీదు. నేను కొన్నప్పుడు 50 తూటాల పెట్టె ఐదారు డాలర్లు, .223 అయితే 20 తూటాలకే పది పన్నెండు అయిపోయేవి, కాబట్టి నేర్చుకునేటప్పుడు చెయ్యి ఆడాలంటే .22 మేలు. దీని చిక్కులు దీనికి ఉన్నాయి. సెమీ ఆటో అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, ఆ దెబ్బకే పెంకు బయటికెళ్ళి కొత్తది లోపలికి రావాలి, .22లో ఆ బలం తక్కువ, అందుకే సబ్‌సోనిక్ అని నెమ్మది తూటాలు కొంటే చాలా రైఫిళ్ళలో మధ్యలో ఇరుక్కుంటాయి. హై వెలాసిటీ అని రాసి ఉన్నవి, 40 గ్రెయిన్, నాలుగు కంపెనీలవి ఒక్కో పెట్టె కొని పేల్చి చూడండి, మీ రైఫిల్‌కి ఏది సయిస్తే అది ఎక్కువ తెచ్చుకోండి, నాది ఖరీదైనదాన్ని ఉమ్మేసి చవకదాన్ని హాయిగా తినేది. 50 గజాలకి గురి సరిచేస్తే 100 గజాల దగ్గర అరడుగు కిందకి పడుద్ది, అది తెలిసుంటే చాలు.

.22 అయ్యాక ఆశ ఎలాగూ .223 మీదకే పోద్ది. ఇక్కడే జాగర్త. .223 రెమింగ్టన్, 5.56 నాటో చూడ్డానికి కవలపిల్లలు, బయట కొలతలు ఒకటే, కానీ 5.56 ప్రెషర్ ఎక్కువ, దాని ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది, ముందు భాగం కొంచెం పొడుగ్గా కోసి ఉంటది. 5.56 అని చెక్కిన బ్యారెల్‌లో .223 వాడొచ్చు, .223 అనే చెక్కిన బ్యారెల్‌లో 5.56 పెట్టకూడదు. వైల్డ్ (Wylde) అని చెక్కి ఉంటే రెండూ పడతాయి. ఇక ట్విస్ట్, బ్యారెల్ లోపల మెలికల గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో ఆ లెక్క. బొంగరానికి తాడు గట్టిగా లాగకపోతే తూలుద్ది కదా, గుండు పొడుగైతే ఇంకా గట్టిగా తిప్పాలి. 1:9 ఉంటే 55, 62 గ్రెయిన్ హాయిగా వెళ్తాయి, 77 లాంటి బరువువి కావాలంటే 1:8, 1:7 చూసుకోవాలి. పాతకాలం 1:12లో బరువు గుండ్లు అడ్డం తిరిగి కాగితం మీద పక్కకి పడ్డట్టు చిల్లు పెడతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 7.62×39 బావుంటది గానీ 2021లో అమెరికా రష్యా తూటాల దిగుమతి మీద ఆంక్షలు పెట్టాక ఆ చవకతనం పోయింది. 9ఎంఎం కార్బైన్, అంటే పిస్టల్ తూటా వాడే పొట్టి రైఫిల్, రేంజిలో సరదాకి సరే. .300 బ్లాకౌట్ మాత్రం .223తో కలిపి ఒకే ఇంట్లో పెట్టకండి, పెంకు .223 నుంచి కోసి చేసిందే, మ్యాగజైన్ కూడా అదే, పొరపాటున ఆ తూటా .223 రైఫిల్‌లోకి ఎక్కి పేలితే బ్యారెల్ పగిలిపోద్ది, మొహం మీదే. కాగితం టార్గెట్ కొట్టడానికి గుండుకి లోహపు తొడుగున్న ఫుల్ మెటల్ జాకెట్ చాలు, వేటకి మూతి మెత్తగా ఉండే సాఫ్ట్ పాయింట్ లాంటివి. వేట అంటే మళ్ళీ ఒక రూలు, వర్జీనియాలో .23 కంటే చిన్న కాలిబర్‌తో జింకని కొట్టకూడదు, అంటే .223 కూడా కుదరదు. ఇండోర్ రేంజిలో తూటాకి అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకుంటే వెనక్కి పంపేస్తారు, అందుకే లోపల ఉక్కు ఉండే 62 గ్రెయిన్ పచ్చ మూతి తూటాలు చవకగా దొరికాయని పెట్టెలు పెట్టెలు తెచ్చుకోకండి. ఎవరో గరాజ్‌లో మళ్ళీ మందు కూరిన తూటాలు ఎంత స్నేహితుడిచ్చినా వద్దు. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే గురి వైపే పెట్టి అరనిమిషం ఆగండి. "టుప్" మని నీరసంగా పేలితే మాత్రం ఇంకోటి కాల్చకండి, గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయుండొచ్చు. చెవులకి రక్షణ .22కి కూడా కావాలి, ఇంటికొచ్చాక పిల్లల్ని ఎత్తుకునేముందు చేతులు కడగండి, సీసం అది.

చివర్లో చిన్నాన్న అడిగాడు, "మరి తూటా ఒకటి తెచ్చి చూపించలేకపోయావా" అని. అది విని మా ఆవిడ లోపల్నుంచి నవ్వింది. మొన్న సర్దుకునేటప్పుడు నేను రేంజికి తీసుకెళ్ళే బ్యాగే ఇండియాకి తీశాను, చాక్లెట్లు పెడదామని ఆవిడ పక్కజిప్పు తిప్పి దులిపితే నేల మీద టక్కుమని ఒక .22 పడింది. నేను చేత్తో రెండుసార్లు తడిమి ఏమీ లేదన్న జిప్పే అది. మనదేశంలో లైసెన్స్ లేకుండా ఒక్క తూటా సంచిలో దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే, తెలీక తెచ్చానని నిరూపించుకునే సరికి పండగ సెలవులన్నీ స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ అయిపోతాయి. ఇప్పుడు రేంజి బ్యాగు ఆవిడే కొనిచ్చింది, ముదురు నారింజ రంగు, దాన్ని పట్టుకుని పలాస స్టేషన్‌లో దిగాలంటే నాకే సిగ్గేస్తది.