వలస కూలీలతో పది పాస్ చేయించాలంటే: ఒక లెక్కల సారు ఉత్తరం

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. కోస్గి, మద్దూరు దిక్కు ఊళ్లల్ల, తండాల్ల కూలికి పోయేవాళ్లను ఓపెన్ స్కూల్లో, అంటే దినాం బడికి పోకుండ చదివి పరీక్ష రాసే బడిల, చేర్పించి పది పాస్ చేయిస్తనని పూనుకున్నవట. చానా సంతోషమైంది. ఎట్ల మొదలుపెట్టాలె, ఎక్కడ జాగ్రత్తగ ఉండాలె అని అడిగినవు. ఉద్యోగంల ఉన్నప్పుడు, రిటైరయినంక కూడ ఆదివారాలు స్టడీ సెంటర్ల లెక్కలు చెప్పినోన్ని కాబట్టి నాకు తెలిసినకాడికి రాస్తున్న.

అన్నిటికంటె ముందు క్యాలెండర్ సంగతి. బడిపిల్లలకు జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఒకటే వరుస. కూలి చేసుకునేటోళ్ల ఏడాది అట్ల నడవదు. మృగశిర కార్తెకు వానలు పడంగనే విత్తనాలు, ఆ వెనుక నాట్లు, కలుపులు. అప్పటిదాకా ఊర్లనే ఉంటరు. దసరా ఎల్లంగనే, లేకుంటే దీపావళికి, కూలోళ్లను పనికి తీసుకపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని కదులుతరు. సంక్రాంతి దాకా పత్తి ఏరుడు, తర్వాత మిర్చి ఏరనీకె ఖమ్మం దిక్కో గుంటూరు దిక్కో. మళ్ల ఊరి మొఖం చూసేది ఉగాదికే. మన ఓపెన్ స్కూల్ అడ్మిషన్లేమో వానాకాలంల అయితయి. పరీక్షలు ఏప్రిల్, మే నెలల్ల ఒకసారి, సెప్టెంబర్, అక్టోబర్ల మళ్లొకసారి. చూసినవా, చేరేటప్పుడు మనిషి ఊర్లనే ఉంటడు, పరీక్షలప్పుడూ ఉంటడు, చదువుకోవాల్సిన నడిమి నెలల్లనే ఉండడు. ఆదివారం క్లాసుకు రాలేదని ఆ మనిషిని పేర్ల లిస్టుకెల్లి తీసేస్తే మొత్తం పని అక్కడికే ఆగిపోతది. బడి వాళ్ల పని వెంబడి నడవాలె గాని, వాళ్లను పని మానుకొని బడికి రమ్మంటే రారు. రాలేరు కూడ. అడ్వాన్స్ తీసుకున్న మనిషి చేతుల అతని ఆదివారం లేదు.

అందుకే జూన్ నుంచి దసరా దాకా ఉన్న టైమును గట్టిగ పట్టుకో. మొదటి నెల పుస్తకం తెరవకు. ఎవరు ఎంతవరకు చదవగలరో చూడు. 2011 జనాభా లెక్కల్ల మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రంల అన్ని జిల్లాల కంటె అదే తక్కువ. పెద్దోళ్లకు అక్షరాలు నేర్పనీకె 2009ల మొదలైన సాక్షర భారత్ కేంద్రాల్ల సంతకం నేర్చుకొని అక్కడికే ఆగినోళ్లున్నరు, ఏడో ఎనిమిదో చదివి మానేసినోళ్లున్నరు. ఇద్దరినీ ఒకే బెంచీల కూర్చోబెడితే మొదటోళ్లు సిగ్గుతోని రారు, రెండోవాళ్లు విసుగుతోని రారు. పేపర్లకెల్లి నాలుగు లైన్లు చదివించు. తప్పులు దిద్దకుండ ఊరికె విను. తడుముకుంట చదివేటోళ్లకు ఏడాది తెలుగు చదువుడు మీదనే పెట్టు. అట్లాంటోళ్లను ఆ ఏడే పరీక్షకు తోలితే ఫెయిలైతరు, ఫెయిలైనోళ్లు మళ్ల నీ గడప తొక్కరు. తండాల్ల ఇంకొకటి గుర్తు పెట్టుకో. ఇంట్ల మాట్లాడేది లంబాడీ, పుస్తకం తెలుగు. వాళ్లల్లనే ఇంటర్ చదివిన ఒక పిల్లనో పిలగాన్నో పక్కన కూర్చోబెట్టుకో. ప్రశ్న అర్థం కాక ఆగినోళ్లను జవాబు రాక ఆగిండ్రనుకుంటం మనం.

అప్లికేషన్ నింపేటప్పుడు ఓపిక పట్టు. పద్నాలుగేండ్లు నిండితే చాలు, పై వయసుకు పట్టింపు లేదు. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఫీజుల రాయితీ ఉంది. అసలు కష్టమంత కాగితాలతోనే. ఆధార్ల పుట్టిన తేదీ జనవరి ఒకటి అని ఉంటది, టీసీల ఇంకోటి ఉంటది. పెండ్లైన ఆడామె ఆధార్ల అత్తగారింటి పేరు, బడి ఇచ్చిన రికార్డ్ షీట్ల తల్లిగారింటి పేరు. పదో తరగతి మెమోల ఎట్ల పడితే జీవితమంత అట్లనే నడుస్తది కాబట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం చూసి రాయి. తేడా ఉంటే అప్లికేషన్ పెట్టకముందే సరి చేయించు. వాళ్లను మీసేవకు పొమ్మని చెప్పి ఊకోకు, నువ్వు గూడ పో. కూలి పోగొట్టుకొని ఒక దినం తిరిగినోళ్లు రెండో దినం తిరగరు.

సబ్జెక్టుల కాడ చానామంది లెక్కలు వద్దంటరు. ఓపెన్ స్కూల్లో గృహశాస్త్రం, భారతీయ సంస్కృతి అట్లాంటి సబ్జెక్టులు కూడ ఉన్నయి కాబట్టి లెక్కలు, ఇంగ్లీషు వదిలేసి ఉత్తగ పాసయ్యే తొవ్వ చూపెట్టేటోళ్లుంటరు. తొందరపడకు. పోస్టాఫీసుల గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి పదిల గణితం, ఇంగ్లీషు పాసై ఉండాల్నని నిబంధన. ఊర్లనే ఉండి చేసుకునే ఉద్యోగం అది. వలస ఆగాలంటే అట్లాంటిదే కావాలె. ఇరవై, ముప్పై ఏండ్ల వయసు వాళ్లతోని ఆ రెండూ పెట్టించు. నలభై దాటినామె నాకు పాసైతే చాలు సారూ, నా బిడ్డ ముంగట తలెత్తుకోవాలె అంటే ఆమెకు నచ్చినవే పెట్టించు. గల్ఫ్ పోదామనుకునే పిలగాండ్లుంటే వాళ్లకు ఒక ముచ్చట చెప్పు: పది పాసైనోళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (పని కోసం దేశం దాటే ముందు ప్రభుత్వం అనుమతి కావాలె) అని పడదు, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కోసం ఏజెంట్ల చుట్టు తిరిగే బాధ తప్పుతది. ఎందుకు చదవాలె అన్న ప్రశ్నకు ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబు ఉండాలె నీ దగ్గర.

లెక్కలు చెప్పుడు గురించి కొంచెం ఎక్కువ రాస్తే ఏమనుకోకు, నా సబ్జెక్టు అది. బారువడ్డీ పాఠం పుస్తకంకెల్లి మొదలుపెట్టకు. అడ్వాన్స్ ఎంత తీసుకున్నవమ్మా అని అడుగు. ఇరవై వేలు, నూటికి మూడు రూపాయల మిత్తి అంటది. నెలకు ఆరు వందలు అని నువ్వు చెప్పకముందే ఆమెనే చెప్తది, ఆరు నెలలకు మూడు వేల ఆరు వందలని కూడ నోటితోనే చెప్తది. అప్పుడు బోర్డు మీద అసలు, కాలం, వడ్డీ రేటు అని రాసి, నువ్వు చేసింది ఇదేనమ్మా అని చూపెట్టు. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం అని రాసినప్పుడు క్లాసంత సప్పుడు లేకుంటైతది. బ్యాంకుల ఎంతుంటది సారూ అని ఎవరో ఒకరు అడుగుతరు. ఆ ప్రశ్న వచ్చిన దినం పాఠం వచ్చినట్టే. పత్తి కిలోల లెక్క, తూకంల తరుగు, ఎకరానికి గుత్త, అన్నీ అట్లనే చెప్పు.

సైన్సు కూడ అంతే. గద్వాల, అయిజ దిక్కు సీడు పత్తికి (విత్తనాల కోసం పండించే పత్తి) పోయొచ్చినోళ్లను మొక్కల ప్రత్యుత్పత్తి పాఠం నాడు ముందట కూర్చోబెట్టు. మాపటేళ మొగ్గను గోటితోని విప్పి, లోపలి పుప్పొడి తిత్తులు తీసేసి గుర్తు పెడతరు. తెల్లారి మగ రకం మొక్క పువ్వు తెంపి దానికి అద్దుతరు. క్రాసింగ్ అంటరు ఆ పనిని. కీలాగ్రం, కేసరాలు, పరాగ సంపర్కం అన్న పేర్లు తప్ప వాళ్లకు అందుల కొత్త ఏముంది? పేర్లు నువ్వు ఇయ్యి, పాఠం వాళ్లతోనే చెప్పించు. ఇంకో మాట, ఆ పని నడిచే నెలల్ల మాపటి క్లాసు పెడితే సీడు చేన్లకు పోయేటోళ్లు రాలేరు. మొగ్గలు విప్పేది అప్పుడే కాబట్టి పొద్దు గూకి అన్నం తిన్నంక పెట్టు.

దసరాకు కదిలేటప్పుడు ఎవరు ఏ మేస్త్రీ వెంట ఏ ఊరికి పోతున్నరో రాసి పెట్టుకో. ఒక్కో గుంపుల బాగ చదవగలిగే మనిషిని ఒకరిని చూసుకొని, మిగతావాళ్లతోని చదివించే పని ఆ మనిషికి అప్పజెప్పు. మేస్త్రీతోని కూడ మాట్లాడు. అతన్ని పగోడ్ని చేసుకుంటే పనికి రాదు. అతని కొడుకో కోడలో కూడ పది ఫెయిలై ఉంటరు, వాళ్లను గూడ చేర్పించు. చేన్ల కాడ టార్పాలిన్ పట్టా గుడిసెల కరెంటు ఉండది, ఫోన్ చార్జింగ్ ఉండది. పెద్ద వీడియోలు పంపితే చూడరు. రెండు మూడు నిమిషాల మాట రికార్డ్ చేసి వాట్సాప్ల పంపు, ఒక్క ప్రశ్న అడుగు, వాళ్ల జవాబు కూడ మాటతోనే పంపమను. తీరిక దొరికినోళ్లకు ప్రభుత్వం చదువుల చానెల్ టీ-సాట్ల ఓపెన్ స్కూల్ పాఠాలు వస్తయని చెప్పు. ఆ ఆరు నెలల్ల వాళ్లు కొత్తగ ఏమీ నేర్చుకోకున్నా ఫర్వాలేదు, నేర్చింది మరవకుంటే చాలు. ఉగాది నుంచి పరీక్ష దాకా దినాం రాత్రి కూర్చుంటే మిగతాది అయితది.

అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయించకు. ఒకసారి చేరితే ఐదేండ్లు టైముంటది, పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటది. ప్రతి సబ్జెక్టుల 35 మార్కులు రావాలె. ఎండాకాలం పరీక్షల మూడు రాయించు, దసరా ముంగట వచ్చే పరీక్షల మిగతావి. తెలుగు, సాంఘికం ముందు. లెక్కలు, ఇంగ్లీషు వెనుక. ఒక్క ఏడాదిల ఎంతమందిని పాస్ చేయించినవని నిన్ను పైనోళ్లు అడుగుతరు. అడగనియ్యి. మూడో ఏడు దాకా చెయ్యి వదలకుండ ఎంతమందిని పట్టుకున్నవో నువ్వు లెక్క పెట్టుకో.

ఆడోళ్ల సంగతి వేరుగ చెప్పాలె. చదువు మీద ఇష్టం వాళ్లకే ఎక్కువ, అడ్డంకులూ వాళ్లకే ఎక్కువ. మొగుని కంటె ముందు అత్తను అడుగు. పొయ్యి కాడ పని ఎవరు చూస్తరో అక్కడ తేలాలె. పరీక్ష సెంటర్ పట్నంలనో మండల కేంద్రంలనో పడుతది. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్ల ఆడోళ్లకు టికెట్ లేదు కాబట్టి కిరాయి బాధ లేదు గాని, పొద్దుగాల బస్సు దొరుకుడే కష్టం. ముందు దినమే ఎవరింట్లనన్న పండుకునే ఏర్పాటు చెయ్యి. చంటిపిల్లల తల్లులుంటే హాలు బయట పిల్లలను చూసే మనిషిని నువ్వే పెట్టు. పాలకోసం ఏడుస్తున్న పిల్ల గొంతు కిటికీల ఇనొస్తే ఏ తల్లి పరీక్ష రాస్తది?

ఇప్పుడు నాకు కోపమొచ్చే సంగతి. ఇన్ని వేలియ్యి, పాస్ చేయిస్తం, రాసేది కూడ మేమే చూసుకుంటం అని తిరిగే దళారులున్నరు. కష్టపడి ఏరిన మిర్చి పైసలు వాళ్ల చేతుల పోస్తరు మనోళ్లు. ఒక్కరిని గూడ అటు పోనియ్యకు. చిట్టీలు పెట్టి రాసిన మెమోతోని ఐటీఐకి పోయిన పిలగాడు కొలతల కాగితం చదవలేక నెలకే తిరిగొస్తడు. ఆ పిలగాన్ని చూసి ఊర్ల ఇంకెవ్వరూ చదువు మాట ఎత్తరు. నీ సెంటర్ల పరీక్ష సక్కగ జరగాలని నువ్వే పట్టుబట్టు. పది మంది తక్కువ పాసైనా సరే.

అమెరికాల కూడ పంటల వెంబడి రాష్ట్రాలు తిరిగే కూలీలున్నరు. వాళ్లతోని హైస్కూల్ పూర్తి చేయించనీకె 1967ల హెచ్‌ఈపీ (హైస్కూల్ ఈక్వివలెన్సీ ప్రోగ్రాం) అని ఒక కార్యక్రమం అక్కడి ప్రభుత్వం పైసలతోని మొదలైంది. పదహారేండ్లు నిండి, గడిచిన 24 నెలల్ల 75 దినాలు తనన్న, ఇంట్లోళ్లన్న పొలం పని చేసి ఉంటే చేర్చుకుంటరు. చదువుకునేటోళ్లకు వారానికి ఇంత అని భత్యం కూడ ఇస్తరు. కూలి పోతదనే కదా మనోళ్లు రానిది. ఆ సంగతి గుర్తించి రాసుకున్న నిబంధన అది. మన దగ్గర అట్ల ఇచ్చే పద్దు లేదు, ఉండాలె. సర్పంచులను, మహిళా సంఘాలను అడిగి పరీక్షల వారం వరకన్న కూలి కింద ఎంతో కొంత ఇప్పించు. అక్కడ 1972ల క్యాంప్ (కాలేజ్ అసిస్టెన్స్ మైగ్రెంట్ ప్రోగ్రాం) అని ఇంకోటి కూడ పెట్టిండ్రు, కాలేజీల మొదటి ఏడు నిలదొక్కుకునేదాకా తోడుండనీకె. మనం మాత్రం రిజల్ట్ వచ్చిన దినం ఫోటో దిగి ఇంటికి పోతం. నువ్వు అట్ల చేయకు. మెమో చేతికొచ్చేదాకా, ఓపెన్ ఇంటర్లనో ఐటీఐలనో సీటు దొరికేదాకా ఫోన్ చేస్తనే ఉండు.

నా దగ్గర ఓపెన్ స్కూల్ లెక్కల పాత ప్రశ్న పేపర్లు, తెలుగుల రాసుకున్న నోట్సు ఉన్నయి. వచ్చే ఆదివారం మహబూబ్‌నగర్ వస్తే తీసుకపో. అప్లికేషన్ల లిస్టు గూడ పట్టుకురా, పేర్లు ఇద్దరం కూర్చొని చూద్దాం.

మీ లెక్కల సారు